అవ్వ పుట్టిన తేదీ

ఇంగ్లండులో నేను పనిచేసే కేర్ హోమ్‌లో ఒక పెద్దాయనకు మొన్న నూరేళ్లు నిండాయి. రాజుగారి దగ్గర నుంచి శుభాకాంక్షల కార్డు వచ్చింది. 1917లో ఐదవ జార్జి కాలంలో మొదలైన ఆనవాయితీ అది. ఆ సంతోషంలో, మా అవ్వకు కూడా ఇంచుమించు అదే వయసని చెప్పాను. తేదీ అడిగితే ఆధార్‌లో ఉన్న జనవరి 1 చెప్పి, అది వయసు అంచనా కట్టి వేసిన తేదీ అని కూడా చెప్పాను. "సొంత అవ్వ పుట్టినరోజు కూడా తెలుసుకోలేదా?" అని మా పైఅధికారిణి అందరి ముందూ అనేసింది.

ఆ మాట నన్ను వారం రోజులు వదల్లేదు. వాళ్ల దేశంలో జననాల నమోదు 1837లోనే మొదలైంది. మనకు దేశమంతటికీ వర్తించే చట్టం 1969లో గాని రాలేదు, అప్పటికే మా అవ్వ నలుగురు బిడ్డల తల్లి. తేదీ లేకపోవడం ఆమెను పట్టించుకోకపోవడం ఎలా అవుతుంది?

కందుకూరు దగ్గర పల్లెలో ఉండే మా అవ్వ లెక్క వేరు. జపాను వాళ్లు బాంబులేస్తారని చెన్నపట్నం ఖాళీ అయిన ఏడు ఆమె కాపరానికి వచ్చింది. అంటే 1942, ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాక జనం మూటాముల్లే సర్దుకుని సొంత ఊళ్లకు తరలిపోయిన రోజులు. పెద్దనాన్న పుట్టింది పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారదీక్ష చేసి కన్నుమూసిన నెలలో, 1952 డిసెంబరులో. మేనత్త పెళ్లి 1970లో, మా తాలూకాను నెల్లూరు నుంచి తీసి ఒంగోలు జిల్లాలో కలిపిన ఏడు. (2022లో మళ్లీ నెల్లూరులో కలిపినప్పుడు అవ్వ ఆశ్చర్యపోలేదు.) దూబగుంట ఆడవాళ్లు సారాను తరిమిన 1992లో, మా ఊరి సారా కొట్టు ముందు కూర్చున్న వాళ్లందరిలోకీ ఆమే పెద్దది. పెద్దనాన్న కంటే ముందు పుట్టి, పురిటిలోనే పోయిన ఆడబిడ్డకు మాత్రం ఇలాంటి గుర్తు ఏదీ లేదు. "చింతకాయ రాల్చే రోజులు" అని ఊరుకుంటుంది.

అయినా ఆ మాటలో నాకు తగలవలసింది కొంత ఉందని ఒప్పుకుంటున్నాను. ఆ పెద్దాయన తాగిన నీళ్లు, వేసుకున్న మాత్రలు గడియారం చూసి రాసే నేను, అవ్వ చెప్పినవి ఒక్కటీ కాగితం మీద పెట్టలేదు.

ఆదివారం ఫోన్ చేసి, పుస్తకం దగ్గర పెట్టుకుని అడిగాను. కార్తీక మాసమని, ముసురు పట్టిన రోజని వాళ్లమ్మ చెప్పేదట. రాసుకుంటున్నానని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"నాది తర్వాత రాసుకుందువులే అమ్మా," అంది. "ముందు ఆ బిడ్డది రాయి."