లిస్టును గుండ్రంగా తిప్పేటప్పుడు కౌంటర్ ఎక్కడ బోల్తా కొడుతుంది

లిస్టులో మూడు సర్వర్లున్నాయి. వచ్చే రిక్వెస్టులను వంతులవారీగా పంపాలి, మూడోదాని తర్వాత మళ్లీ మొదటిదానికి రావాలి. జావాలో చాలామంది చేసేది ఒక్కటే: కౌంటర్‌ను ఒకటి చొప్పున పెంచుతూ, లిస్టు సైజుతో భాగించి, వచ్చిన శేషాన్ని ఇండెక్స్‌గా (లిస్టులో సున్నా నుంచి లెక్కించే స్థానం) వాడటం. 0, 1, 2, మళ్లీ 0. టెస్టింగ్‌లో ఏ ఇబ్బందీ ఉండదు.

చిక్కంతా కౌంటర్ అలా పెరుగుతూ పోవడంలోనే. పూర్ణసంఖ్యలను దాచే జావా ఇంట్‌కు హద్దు 2147483647. ఇంకొకటి కలిపితే ఎర్రర్ కూడా చూపకుండా -2147483648కి పడిపోతుంది. సెకనుకు 1000 రిక్వెస్టులొస్తే 25 రోజులు నిండకముందే ఆ గడియ వస్తుంది. జావాలో రుణసంఖ్యను భాగిస్తే శేషమూ రుణమే, ఇక్కడ -2. ఆ ఇండెక్స్ అడగగానే ఎక్సెప్షన్, అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగా వచ్చే ఎర్రర్. వారానికోసారి రీస్టార్ట్ చేసే చోట ఈ బగ్ అసలు బయటపడదు.

కొందరు కౌంటర్‌కు రుణ గుర్తు తీసేసే మ్యాథ్.యాబ్స్ తగిలిస్తారు. -2147483648కి ధనరూపం ఇంట్‌లో పట్టదు, అందుకని యాబ్స్ కూడా దాన్ని రుణంగానే ఇస్తుంది. జావా 8లో వచ్చిన ఫ్లోర్‌మాడ్ నయం, ధనసంఖ్యతో భాగిస్తే శేషాన్ని ఎప్పుడూ రుణం కానివ్వదు. అయినా ఒక మెలిక ఉంది: మూడుతో భాగిస్తే 2147483647కి వచ్చేది 1, దాని వెంటనే వచ్చే -2147483648కీ 1. ఒకే సర్వర్‌కు వరుసగా రెండుసార్లన్నమాట. సర్వర్లకైతే పోనీలే అనుకోవచ్చు, ఆటలో వంతులకైతే గొడవే.

అందుకే కౌంటర్‌ను అసలు పెరగనివ్వకూడదు. (ఇండెక్స్ + 1) % సైజ్ (% అంటే భాగిస్తే వచ్చే శేషం) ఎంతొస్తే దాన్నే తిరిగి ఇండెక్స్‌లో దాచాలి. థ్రెడ్లు (ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనులు) ఎక్కువుంటే ఇదే లెక్కను అటామిక్‌ఇంటీజర్‌లోని గెట్‌అండ్‌అప్‌డేట్‌కు ఇవ్వాలి; చదవడానికీ మార్చడానికీ మధ్య ఇంకో థ్రెడ్ దూరకుండా అది చూసుకుంటుంది. గెట్ ఒకసారి, సెట్ ఒకసారి విడిగా రాస్తే రెండు థ్రెడ్లకు ఒకే ఇండెక్స్ దొరకొచ్చు.

ఇదంతా ఒక క్లాసులో పెట్టి, లిస్టునూ ఇండెక్స్‌నూ ప్రైవేట్ చేసి, బయటికి నెక్స్ట్ అనే మెథడ్ ఒక్కటే ఇస్తే చాలు. కన్‌స్ట్రక్టర్‌లో (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే కోడ్) లిస్టుకు కాపీ తీసుకోవాలి. ఎందుకంటే ఎ, బి, సి, డిలలో బి వంతు ఇప్పుడే అయిందనుకోండి. తర్వాతి ఇండెక్స్ 2, అంటే సి. ఈలోగా బయటెవరో అసలు లిస్టులోంచి ఎ అనేదాన్ని తీసేస్తే మిగతావి ఒక గడి ముందుకు జరిగి, 2లో డి కూర్చుంటుంది. సి వంతు గల్లంతు. ఖాళీ లిస్టు వస్తే కన్‌స్ట్రక్టర్‌లోనే ఆపేయాలి, లేదంటే తర్వాత సున్నాతో భాగహారం.

పైథాన్‌లో ఇదే పనికి ఇటర్‌టూల్స్.సైకిల్ ఉంది. అది మొదటి చుట్టులోనే ఎలిమెంట్లను దాచుకుని, రెండో చుట్టు నుంచి వాటినే తిప్పుతుంది. ఆ తర్వాత లిస్టుకు ఎన్ని అపెండ్ చేసినా దానికి కనబడవు.