నిషికి మార్కెట్ కథంతా నీళ్ళదే

జపాన్‌లో క్యోటో వెళ్ళొచ్చినవాళ్ళంతా పెట్టే ఫోటో ఒకటుంది, పుల్లకి గుచ్చిన ఎర్రటి బుల్లి ఆక్టోపస్, దాని తలలో కౌజుపిట్ట గుడ్డు. గైడ్ లేకపోతే నేనూ అదే తిని, అదే ఫోటో తీసుకుని వచ్చేసేవాణ్ణి. నిషికి మార్కెట్ అంటే పైన రంగురంగుల కప్పున్న 390 మీటర్ల సందు, అంతే, జనాన్ని తప్పించుకుంటూ నడిచినా కాసేపట్లో అయిపోతుంది. మా గైడ్ ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినావిడ కాబట్టి మాకు పూటంతా పట్టింది.

ఆవిడ ముందు నీళ్ళ గురించి చెప్పింది. క్యోటోకి సముద్రం దగ్గర్లో లేదు కదా, మరి చేపల బజారు ఇక్కడెలా నిలబడింది? భూమిలో చల్లటి నీళ్ళున్నాయి, ఫ్రిజ్‌లు లేని రోజుల్లో చేపలూ కూరగాయలూ ఆ చల్లదనంలోనే నిలవ ఉంచేవారు. 1615లో షోగునేట్, అంటే అప్పటి సైనిక ప్రభుత్వం, చేపల వ్యాపారానికి అధికారికంగా అనుమతిచ్చింది. ఉప్పు పట్టించిన కానాగంతలు వకాసా తీరం నుంచి మనుషుల భుజాల మీద కొండలు దాటి వచ్చేవట.

ప్రాణాలతో ఊరు చేరగలిగింది హమో అనే పాము లాంటి చేప, గట్టి ప్రాణం దానిది. ముళ్ళ విషయంలో పులసకి అన్న. పులసైతే మనం ఓపిగ్గా ఏరుకుని తింటాం, వీళ్ళు ఏరరు, ముళ్ళనే నరికేస్తారు. ఒక షాపులో ఆగి చూశాం, బరువైన వెడల్పు కత్తితో ఆయన జరక్ జరక్‌మని కోసుకుంటూ పోతున్నాడు, మూడు సెంటీమీటర్లలో 20కి పైగా కోతలు, మాంసం తెగాలి, తోలు మాత్రం తెగకూడదు. ముక్కని వేడినీళ్ళలో వేయగానే తెల్లగా పువ్వులా విచ్చుకుంది. పైన ఉమెబొషి అనే పుల్లటి ఊరగాయ పండు ముద్ద. జూలైలో గియోన్ ఉత్సవాలప్పుడు ఇది లేనిదే కుదరదట.

మా ఆవిడ శాకాహారి, గుడ్డు వరకు పర్లేదు. వేడివేడి దాషిమకి ఆమ్లెట్ చూసి ఆశపడింది. గైడ్ వెంటనే "ఆగండి, ఇందులో చేప ఉంది" అంది. ముక్క కనపడదు, కానీ గుడ్డులో కలిపే దాషి రసం మామూలుగా కొంబు అనే సముద్రపు నాచుతో పాటు ఎండబెట్టిన చేప తురుము వేసి తీస్తారు. మనవాళ్ళు జపాన్‌లో "నో మీట్, నో ఫిష్" అని చెప్పి ఊరుకుంటే చాలదు, దాషి ఉందా అని అడిగి తీరాలి. మా ఆవిడకి చివరికి పల్చటి టర్నిప్ బిళ్ళల సెన్‌మైజుకే పచ్చడి దొరికింది, అదీ కొంబుతోనే ఊరేది. చుక్క నూనె లేదు, కారం లేదు, నాకైతే ఆనలేదు.

ఈమధ్య కూరగాయల కొట్లు తగ్గి పుల్లకి గుచ్చి అమ్మే తిండి కొట్లు పెరిగాయని గైడ్ గొణిగింది. నిజమే, అక్కడ కొనేవాళ్ళకంటే ఫోటోలు తీసేవాళ్ళే ఎక్కువ, నాతో సహా. నడుస్తూ తినొద్దని బోర్డులుంటాయి, కొన్న షాపు దగ్గరే నిలబడి తినేయాలి. సాయంత్రం షట్టర్లు దించాక వెళ్తే వాటి మీద జాకుచూ బొమ్మలు కనిపిస్తాయి, 1716లో పుట్టిన ఆ చిత్రకారుడు ఈ సందులో కూరగాయల టోకు వ్యాపారి కొడుకే.

కొంబు ప్యాకెట్ ఒకటి కొనుక్కున్నాం. క్యోటో నీళ్ళు మెత్తన, అంటే సున్నం లాంటి లవణాలు తక్కువ, అందుకే దాని రుచి బాగా దిగుతుందట. హైదరాబాద్‌లో బోరు నీళ్ళతో మాత్రం దాషి చేయకండి, ఫిల్టర్ నీళ్ళు పోసి, రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టండి చాలు.