షుగరు తగ్గుతుంటే చూపు మసకబారింది

షుగరు ఉందని తేలిన రోజు నా పరగడుపు రీడింగు 310, మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ 12.1 శాతం. అప్పటికే చాలాకాలంగా ఆగని దాహం, రాత్రిళ్లు పదే పదే లేవడం, అరికాళ్ల మంట. ఎదురుగా వచ్చే బస్సు బోర్డు అలుక్కుపోయినట్టు కనిపించేది. దగ్గరి చూపు బాగుండడంతో మగ్గం పని మాత్రం ఆగలేదు.

అసలు కష్టం మందులు మొదలయ్యాక వచ్చింది. మాత్రలతో పాటు కొన్నాళ్లు ఇన్సులిన్ కూడా ఇచ్చారు. షుగరు చకచకా దిగింది, దాహం పోయింది, ఒంట్లోకి ఓపిక వచ్చింది. ఆ ఉత్సాహంతో ఒక పెళ్లి జాకెట్టు మగ్గానికి బిగించి కూర్చుంటే ఆరి సూది కొన కనిపించలేదు. ఆ కొనకు సన్నని కొక్కెం ఉంటుంది. బట్ట అడుగున ఎడమ చేత్తో పట్టుకున్న దారాన్ని దానితో పైకి లాగాలి. కొక్కెం సంగతి అటుంచితే, గీసిన డిజైనే చెదిరిపోయి కనిపించింది. పూస రంధ్రం ఎటుందో వేలితో తడిమి చూసుకోవలసి వచ్చింది. మా ఇంటి అద్దెలో సగం ఈ చేతిపనిదే.

“ఆ మాత్రలే కళ్లు తీస్తున్నాయమ్మాయీ, మానేయి” అన్నారు మా అత్తగారు. నాలోనూ అదే భయం.

కంటి డాక్టరుగారు చుక్కలు వేసి కంటి లోపలి వెనుక పొర రెటీనా అంతా చూశారు. “లోపల బాగుందమ్మా. లెన్స్‌లోకి నీరు చేరింది. ఇప్పుడు కళ్లద్దాలు రాస్తే నెల తిరిగేసరికి పనికిరావు. మందులు మాత్రం ఆపవద్దు” అన్నారు. ఎందుకని అడిగితే ఓపిగ్గా కాగితం మీద గీసి చెప్పారు.

కంటి లెన్స్‌లోకి గ్లూకోజ్ వెళ్లడానికి ఇన్సులిన్ అక్కర్లేదు. రక్తంలో పెరిగితే అక్కడా పెరుగుతుంది. దాన్ని శక్తిగా మార్చే మామూలు దారి నిండిపోయాక, ఆల్డోస్ రిడక్టేజ్ అనే ఎంజైము మిగిలిన గ్లూకోజ్‌లో కొంత భాగాన్ని సార్బిటాల్ అనే తీపి పదార్థంగా మారుస్తుంది. ఈ సార్బిటాల్ కణాల పొర దాటి సులువుగా బయటికి పోలేదు. ఫ్రక్టోజ్‌గా మారి వదిలిపోవడానికీ సమయం పడుతుంది. మందులతో రక్తంలో గ్లూకోజ్ గబగబా తగ్గినా లెన్స్‌లో సార్బిటాల్ ఇంకా ఉంటుంది. నానబెట్టిన ఎండుద్రాక్షలోకి చేరినట్టు నీరు లోపలికి చేరుతుంది. లెన్స్ కాంతిని వంచే శక్తి తగ్గి, దగ్గరి వస్తువులు మసకబారతాయి. షుగరు వచ్చిన ఎలుకల లెన్స్‌లో ఇలాంటి పదార్థాలు పేరుకుంటాయని రూత్ వాన్ హైనింగెన్ అనే శాస్త్రవేత్త 1959లోనే చూపించారు. శుక్లాల వెనుకా ఈ ప్రక్రియ ఉందన్న ఆలోచన అక్కడి నుంచే బలపడింది.

ఆ రోజుల్లోనే మా చెల్లెలు ప్రేమగా ‘షుగర్ ఫ్రీ’ మిఠాయి తెచ్చింది. పెట్టె మీద సార్బిటాల్ అని చదివి హడలిపోయాను. తినే సార్బిటాల్ కంటికి చేరి పేరుకోదని డాక్టరుగారు చెప్పాకే గుండె కుదుటపడింది. అది పేగుల్లో కొంత మేరకే, అదీ నెమ్మదిగా ఇంకుతుంది. ఇంకినది కాలేయంలో ఫ్రక్టోజ్ అవుతుంది. కంట్లో ఉన్నది అక్కడి గ్లూకోజ్‌తోనే తయారైంది. అయినా ఆ మిఠాయి మంచిదనుకోకండి. చక్కెరకు గ్రాముకు 4 క్యాలరీలుంటే సార్బిటాల్‌కు సుమారు 2.6 ఉంటాయి, ఎక్కువైతే కడుపుబ్బరం, విరేచనాలు. పైగా అందులో మైదా, కోవా కూడా ఉన్నాయి. అలాంటి పెట్టె మీద ‘ఫ్రీ’ అని పెద్ద అక్షరాలతో రాయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

పెళ్లి జాకెట్టు తోటి పనమ్మాయికి అప్పగించి, వారాల తరబడి ఫాల్ కుట్టడం, హుక్కులు వేయడంతో నెట్టుకొచ్చాను. ముందు పేపరులో పెద్ద అక్షరాలు తేరుకున్నాయి, తరువాత చిన్నవి. ఒక మధ్యాహ్నం పూస రంధ్రంలోంచి అవతలి వెలుగు కనిపించింది. ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. రెండుసార్లు పరీక్షలో ఒకే పవరు వచ్చాకే కళ్లద్దాలు చేయించుకున్నాను.

ఈ మధ్య హెచ్‌బీఏ1సీ 6.9 శాతం. అరికాళ్ల మంట తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. నరాలు దెబ్బతినడంలోనూ సార్బిటాల్‌కు పాత్ర ఉందట. ఆ ఎంజైమును అడ్డుకునే ఎపల్‌రెస్టాట్ అనే మందు ఉంది. నాకు మాత్రం ముందు షుగరును ఇలాగే నిలపమన్నారు. రెటీనా పరీక్షకు ఏడాదికోసారి వెళ్తున్నాను. ఉన్నట్టుండి నల్లటి చుక్కలు తేలినా, తెర పడినట్టు అనిపించినా లెన్స్ నీరేలే అని ఊరుకోకుండా ఆ రోజే రమ్మని డాక్టరుగారు గట్టిగా చెప్పారు.