ఇస్పేటు రాణి చేతిలో వాలుగ దవడ

ఆదివారం, రాత్రి పదిన్నర. సాయంత్రం పోయిన కరెంటు ఇప్పుడే వచ్చింది.

నిన్న సోంపేటలో బండి దిగినప్పుడు నా సంచిలో బట్టల కన్నా భద్రంగా ఉన్నది 54 ముక్కల కట్ట. కట్ట అనకూడదేమో. పాత పేక మీద ప్రింటు కాగితాలు అతికించిన బొద్దు ముక్కలు. నాలుగు నెలలుగా ఆఫీసు నుంచి వచ్చాక విశాఖ గదిలో కూర్చుని వేస్తున్న బొమ్మలివి. మా ఉద్దానాన్ని, అంటే సోంపేట చుట్టూ ఉన్న కొబ్బరి, జీడి తోటల వైపుని, ఆ ఊపులో శ్రీకాకుళం జిల్లా మొత్తాన్నీ పేకలోకి దించేద్దామని. నన్నెవరూ అడగలేదు, డబ్బులిస్తామని అసలే అనలేదు.

గుర్తులు కుదిరినప్పుడు మాత్రం గాల్లో తేలాను. డైమను అంటే వల కన్ను, అది నేను కనిపెట్టక్కర్లేదు, బారువ ఒడ్డున ఆరేసిన ఏ వల చూసినా అదే. కళావరుకి మూడు కొబ్బరికాయలు దగ్గరగా పేర్చాను. ఇస్పేటుకి రావి ఆకు, వంశధార ఒడ్డున శాలిహుండంలో బౌద్ధ స్తూపాలున్నాయి కాబట్టి. ఆఠీను గుర్తుకి రెండు జీడి గింజల్ని ఎదురెదురుగా నిలబెడితే అచ్చం హృదయం ఆకారం వచ్చింది. ఆ రాత్రి నన్ను నేనే మెచ్చుకుని రెండోసారి టీ పెట్టుకున్నాను.

పొద్దున్న నాన్న అరుగు మీద కూర్చుని ముక్కలు ఒక్కొక్కటీ తిప్పుతున్నారు. నాన్న పేకాటలో ఘటికుడు. పండక్కి మావయ్యలు వస్తే తెల్లారే దాకా ఆట నడవాల్సిందే. ఆఠీను ఆసు దగ్గర ఆగారు.

"ఇయ్యేటమ్మా, కిడ్నీలా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ముక్క ఆయన చేతిలోంచి లాక్కోవాలనిపించింది. జీడి గింజ ఆ ఆకారంలోనే ఉంటుందని చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో చూసి నవ్వుకున్నవాళ్ళమే. ఇప్పుడు కిడ్నీ జబ్బు ఇంతగా ఉన్న మా వైపు ఆ పోలిక నవ్వుతూ ఎవరూ తేరు. మా వీధిలోనే ఇద్దరు డయాలసిస్‌కి తిరుగుతున్నారు. అందులో ఒకాయన మధ్యాహ్నం ఆటకి మా అరుగు మీదికే వచ్చి కూర్చుంటాడు. ఆయన చేతిలో నేను రెండు కిడ్నీలున్న ముక్క పెట్టబోయాను. నాలుగు నెలలు బొమ్మలో జీడితోటే చూశాను, ఊళ్ళోవాళ్ళకి ఏం కనిపిస్తుందో తట్టనేలేదు.

నాన్న దాన్ని పెద్ద సంగతి చెయ్యలేదు. "పండు ఎట్టీ, ఎర్రగా ఉంతాది" అని తర్వాతి ముక్కకి వెళ్ళిపోయారు.

"ఆఠీను రాజుకి మీసం ఎట్టీసినావేటి?"

నలుగురు రాజులకీ పెట్టాను, మా వైపు మీసం లేని పెద్దమనిషిని వెయ్యడానికి చెయ్యి రాక. మామూలు పేకలో ఆఠీను రాజుకి మీసం ఉండదట. నిజమే, పాత కట్ట తీసి చూస్తే మిగతా ముగ్గురికీ ఉంది, ఆయనకి లేదు. పైగా కత్తి తన తలలోకే పొడుచుకుంటున్నట్టు పట్టుకున్నాడు. బొమ్మలేసేదాన్ని నేను, ఆ మీసం సంగతి తెలిసింది నాన్నకి.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఇస్పేటు రాజు వెనక మహేంద్రగిరి వేశాను. మబ్బులు, కొండ అంచులు, కింద పచ్చదనం, దాని మీదే పదిహేను రోజులు పోయాయి. నాన్న 13 ముక్కలు తీసి ఎడమ చేతిలో విసనకర్రలా విప్పి నాకు చూపించారు.

"సూడు. మూల ఒక్కటే కనపడతాది. నీ కొండేదీ?"

కొండ ఆయన బొటనవేలి కింద ఉంది. పేక ముక్కంటే 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 ఎత్తు అని నాకు తెలుసు, ఆ కొలతలోనే గీశాను. కానీ ఆటగాడి చేతిలో అది వేలెడంత మూల. అక్కడ అక్షరం, గుర్తు. అంతే. మిగతాదంతా నేలకి కొట్టినప్పుడు అర సెకను కనిపించి పైన ఇంకో ముక్క పడగానే పోతుంది.

తలకిందుల గొడవ సరేసరి. పాతకాలపు ముక్కల్లో రాజు కాళ్ళతో సహా నిలబడి ఉండేవాడు. నడుం దగ్గర కోసి రెండు తలలు అతికించడం 19వ శతాబ్దంలో గానీ మామూలు కాలేదు. ముక్క ఎలా పట్టుకున్నా రాజు నిటారుగా ఉండాలి కదా. మనుషుల్ని అలా కొయ్యొచ్చు, ఏటినెలా కొయ్యను? నా కళావరు జాకీ వెనక నాగావళి ఒక సగంలో సముద్రం వైపూ ఇంకో సగంలో వెనక్కి కొండల వైపూ పారుతోంది. పక్కనున్న ఒరిస్సా వాళ్ళ గంజప ముక్కలు గుండ్రంగా ఉంటాయి, ఆ ఆకారానికి పైనా కిందా లేదు. దశావతారాల కట్టయితే 120 ముక్కలు, పది గుర్తులు, అందులో కూర్మం ఒకటి. శ్రీకూర్మం మా జిల్లాలోనే ఉంది కాబట్టి ఆ సంబంధం వదులుకోలేక వెనక వైపు బొమ్మకి తాబేటిని తీసుకున్నాను, గుడిలో తిరిగే నక్షత్ర తాబేటిని. తల, తోక వేస్తే మళ్ళీ ఎటు పైనో తెలిసిపోతుంది. చిప్ప మీది గళ్ళు మాత్రమే ఉంచాను. నా బొమ్మల్లో నాన్న వంక పెట్టనిది అదొక్కటే. అదీ కాగితమ్మీదే చూశారు, అతికించిన కట్టకి వెనక పాత పేకే.

అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తనకి ఆట రాదు, ముక్కలంటే చిరాకు కూడా. ఇస్పేటు రాణిని చూసి, "ఈవిడ సేతిలో ఆ పువ్వెందుకే?" అంది. మామూలు పేకలో రాణులు పువ్వే పట్టుకుంటారన్నాను. "పనీ పాటా లేదేటి?" అని లోపలికి పోయింది. కోపమొచ్చిందేమో అనుకున్నాను. దేవుడి గూట్లోంచి చిన్న గుడ్డమూట తెచ్చి నా ముందు విప్పింది.

వాలుగ చేప దవడ. అమ్మది ఖద్దరుకి పేరున్న పొందూరు. అమ్మమ్మ బతికినన్నాళ్ళూ నూలు వడికింది, ఈ దవడ ఆవిడదే. జానెడు కూడా లేదు. తేనె రంగుకి తిరిగి, చెయ్యి పట్టుకునే చోట నున్నబడిపోయింది. లోపలి అంచున పళ్ళు కంటికి సరిగ్గా ఆనవు, వేలితో రాస్తేనే తెలుస్తాయి, పిల్లి నాలుకలాగ. దీనితోనే గింజని అంటుకున్న పత్తిని దువ్వేవారు. దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, నలగకుండా ఎండిన అరటి డొప్పలో పెట్టుకుని వడికేవారు. ఆ నూలు 100 నంబరు దాకా సన్నగా వచ్చేది. అమ్మ దవడని గాల్లో రెండుసార్లు దువ్వి చూపించింది. మణికట్టు కదిలిన తీరు చూస్తే తను కూడా చిన్నప్పుడు చాలా దువ్విందని తెలిసిపోయింది. ఎప్పుడూ చెప్పలేదు.

మధ్యాహ్నం అన్నం తినగానే రాణిని మళ్ళీ వేశాను. పువ్వు తీసేసి దవడ పెట్టాను. వెనకాల ఏమీ లేదు, తెల్ల కాగితమే. మూల దగ్గర ఆకు గుర్తుకి సరిగ్గా కింద ఆ వంకర పళ్ళ అంచు వచ్చేలా జరిపాను, ముక్కలు విప్పి పట్టుకున్నా అది కనపడాలని. అంత చిన్నగా చేశాక దవడ కాస్తా దువ్వెనలా తయారైంది. అమ్మకి చెప్తే, "దువ్వెనే కదే మరి" అంది.

జీడి గింజల్ని తీసేశాను. పండు వేశాను, గింజ కింద చుక్కంత ఉంది. పేకలో కింది వరస గుర్తులు తిరగబడి ఉంటాయి కనక అక్కడ గింజ పండు నెత్తినెక్కి కూర్చుంది. తోటలో పెరిగినవాళ్ళకి అది తప్పకుండా కనిపిస్తుంది. దాన్నేం చెయ్యాలో ఇంకా తెలీదు. జోకరుకి తిత్లీ తుఫాను వేద్దామన్న ఊహ కూడా చెప్పాను, 2018 అక్టోబరులో పడిపోయిన కొబ్బరి చెట్లతో. నాన్న తలెత్తకుండా "అదొద్దు" అన్నారు. ఆ ముక్క ఖాళీగానే ఉంది.

దీపాలవేళ కరెంటు పోయింది. లాంతరు దగ్గర నాన్నా నేనూ రమ్మీకి కూర్చున్నాం. ఇద్దరమే కాబట్టి ఒక కట్ట చాలు. కొత్త రాణిని నోటుపుస్తకం కాగితం మీద వేసి ఉడికిన అన్నం మెతుకుతో అతికించాను. మిగతావాటికన్నా మందంగా ఉంది, కలిపేటప్పుడు వేళ్ళకి తగిలిపోతోందని నాన్న సణిగారు. పంచాక ముక్కలు సర్దుకున్నారు, కళ్ళద్దాలు పైకి తోసుకున్నారు, రెండో వంతులోనే ఇస్పేటు రాణిని తీసి నేలకి కొట్టేశారు.

"ఏం నాన్నా, దాన్నేనా?"

"నాకు జత లేదమ్మా."

నా చేతిలో ఇస్పేటు పదీ, జాకీ ఉన్నాయి. తీసుకున్నాను.