గేటు లేని పార్కు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఎలీస్‌బర్గ్ అనే ఊరి పక్క అడవిలో కనోబెల్స్ అనే వినోదాల పార్కు ఉంది. అది పెద్ద కంపెనీది కాదు, ఒక కుటుంబానిది. 1926 జూలై 4న తెరిచారు. ఇప్పటికీ ఆ ఇంటివాళ్లే నడుపుతున్నారు. న్యూజెర్సీ తెలుగువాళ్లు వేసవిలో పిల్లల్ని తీసుకుని హెర్షీకో సిక్స్ ఫ్లాగ్స్‌కో, అలాంటి పెద్ద పార్కులకే వెళ్తారు గాని ఇటు రావడం తక్కువ. మేమూ ఇన్నాళ్లూ అటే వెళ్లాం. ఈసారి దారి మార్చింది మా పెదనాన్న కొడుకు.

అన్నయ్యకు కడియం దగ్గర ఒక చిన్న పార్కు ఉంది. పెదనాన్న మామిడితోటలో నాలుగు ఉయ్యాలలు వేసి, చెరువులో పడవలు దింపి మొదలుపెట్టాడు. తరువాత నీళ్ల జారుడుబల్లలు, పిల్లల రైలు, ఒక జెయింట్ వీల్ వచ్చి చేరాయి. హైదరాబాదులోని పెద్ద పార్కులు చూసివచ్చిన పిల్లలకు ఇప్పుడు అది ఆనడం లేదు. బ్యాంకులో అప్పు తీసి చైనా నుంచి ఒక పెద్ద రైడ్ తెప్పించాలా, తోట అమ్మేసి హాయిగా కూర్చోవాలా అన్నది అన్నయ్య సందిగ్ధం. "అక్కడ చిన్న పార్కులవాళ్లు ఎలా బతుకుతున్నారో చూసి చెప్పవే" అన్నాడు ఫోనులో. వ్యాపార సలహా ఇచ్చేంత తెలివి నాకు లేదు గాని, చూసింది చెప్పడానికి తెలివితో పనేముంది?

మా ఆయన, నేను, మా అమ్మాయి, ఇండియా నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న అమ్మ బయలుదేరాం. డెలావేర్ నది దాటి, కొండల మధ్య పడమటగా సాగి, బ్లూమ్స్‌బర్గ్ దగ్గర హైవే దిగితే అక్కడి నుంచి పల్లెదారి. మొక్కజొన్న చేలు, చర్చిలు, పాత బొగ్గుగనుల ఊళ్లు. 1962 నుంచి భూమి లోపల గని తగలబడుతూనే ఉన్న సెంట్రేలియా ఆ చుట్టుపక్కలే. అమ్మకు ఆ సంగతి చెబితే, "ఆర్పలేకపోయారా, అమెరికావాళ్లు?" అని ఆశ్చర్యపోయింది.

కారు నిలిపినందుకు డబ్బు అడగలేదు. చెట్ల మధ్య నుంచి నడుచుకుంటూ పోతే ఎప్పుడు పార్కులోకి వచ్చామో కూడా తెలియలేదు. గేటు లేదు, టికెట్టు చూపమనేవాళ్లు లేరు. అమ్మ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. "ఎవరూ అడగలేదేమిటే? మళ్లీ బయటికి పొమ్మంటారేమో కనుక్కో" అంది. కనుక్కోవడానికి కూడా అక్కడ మనిషి లేడు.

కనోబెల్స్‌లో ప్రవేశం ఉచితం. ఎక్కినదానికే డబ్బు. చిన్న చిన్న పుస్తకాలుగా టికెట్లు అమ్ముతారు. ఒక్కో రైడ్‌కు ఒక్కో ధర, అది బోర్డు మీద రాసి ఉంటుంది. ఆ మేరకు చింపి ఇవ్వాలి. మిగిలితే మరుసటి ఏడాదికైనా చెల్లుతాయి. రోజంతా ఎన్నైనా ఎక్కాలనుకునే కుర్రకారుకు చేతిపట్టీలు వేరే ఉన్నాయి. పెద్ద పార్కుల్లో అమ్మకు కూడా పూర్తి టికెట్ కొని, ఆవిడ బెంచీ మీద కూర్చుని మా సంచులు కాపలా కాస్తుంటే, ఆ బెంచీకి గంటకు ఎంత పడిందో మా ఆయన లెక్కలు కట్టేవాడు. ఇక్కడ అమ్మ కూర్చోవడం ఉచితం. కూర్చున్నందువల్ల ఆవిడకు ఆకలి వేసింది, ఐస్‌క్రీమ్ తినాలనిపించింది, మనవరాలికి బొమ్మ కొనాలనిపించింది. గేటు దగ్గర వదిలేసిన డబ్బు లోపల మరో దారిలో వాళ్లకు చేరుతుందన్నమాట. అన్నయ్యకు చెప్పవలసిన మొదటి మాట ఇదే అనిపించింది.

ఇక్కడి పెద్ద రంగులరాట్నం 1913 నాటిది. 63 చెక్కగుర్రాలు. చెక్కినవాడు చార్లెస్ కార్మెల్, అమెరికాలో ఆ పనికి పేరుపడ్డ శిల్పి. కనోబెల్స్ వాళ్లు దాన్ని 1940ల మొదట్లో కొని తెచ్చి ఇక్కడ పెట్టారు. లోపలి వరసల గుర్రాలు పైకీ కిందికీ ఆడతాయి. అంచు వరసలోవి కదలవు. అయినా వాటికీ ఒక ఆకర్షణ ఉంది. రాట్నం పక్కన ఒక లోహపు చెయ్యి చాచి ఉంటుంది, దాని కొసన చిన్న రింగు. అంచు గుర్రం మీద కూర్చున్నవాళ్లు తిరుగుతూ, వంగి, వేలు దూర్చి ఆ రింగును లాగాలి. అన్నీ మామూలు ఉక్కు రింగులే, మధ్యలో ఒకటి ఇత్తడిది వస్తుంది. అది దొరికినవాళ్లకు ఒక సవారీ ఉచితం. ఒకప్పుడు అమెరికా అంతటా ఉన్న ఈ ఆట ఇప్పుడు చాలా కొద్ది చోట్లే మిగిలింది. మా అమ్మాయి ఇంట్లో ఫోనులోంచి తల ఎత్తదు. ఇక్కడ మాత్రం ఇత్తడి రింగు కోసం దిగుతూ, మళ్లీ వరసలో నిలబడుతూ నా చేతిలోని టికెట్ల పుస్తకాన్ని సన్నబరిచింది. ఇత్తడిది దక్కలేదు. దక్కి ఉంటే అంతసేపు తిరిగేది కాదేమో.

అమ్మ గుర్రాల చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగి, ఒకదాని మెడ కింద చెయ్యి పెట్టి జూలు చెక్కడం తడిమి చూసింది. "మన గుళ్లో అశ్వవాహనం దీనికేం తీసిపోయిందే? ఆ వాహనాలు చెక్కేవాళ్లు ఇంకా ఉన్నారుగా, మీ అన్నయ్యకు చెప్పు" అంది. ఆ పూట అన్నిట్లోకీ పనికొచ్చే మాట అదే.

తరువాత ఫీనిక్స్ అనే చెక్క రోలర్ కోస్టర్, గుట్టల్లా ఎగుడుదిగుడుగా వేసిన పట్టాల మీద పరుగెత్తే బండి. 1947లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో, ప్లేల్యాండ్ అనే పార్కులో, రాకెట్ అనే పేరుతో దీన్ని కట్టారు. 1980లో ఆ పార్కు మూతపడింది. దిక్కులేకుండా నిలిచిపోయిన ఆ చెక్క రోలర్ కోస్టర్‌ను కనోబెల్స్ వాళ్లు కొని, విప్పదీసి, రెండు వేల కిలోమీటర్లకు పైగా లారీల మీద మోయించి, 1985లో ఇక్కడ నిలబెట్టారు. బూడిదలోంచి లేచిన పక్షి పేరు అందుకే పెట్టారు. ఎత్తు 78 అడుగులే. ఇప్పటి ఉక్కు కోస్టర్లు 300 అడుగులు దాటుతున్నాయి. అయినా ఈ రంగంలో పేరున్న గోల్డెన్ టికెట్ అవార్డుల్లో ఉత్తమ చెక్క కోస్టర్‌గా 2018 నుంచి పలుమార్లు దీన్నే ఎంచారు. బండి ముందు ఒక చీకటి సొరంగంలోకి నెమ్మదిగా వెళ్తుంది. అక్కడ ఏమీ జరగదు, ఆ ఏమీ జరగకపోవడమే భయపెడుతుంది. బయటికి వచ్చాక గొలుసు పట్టుకుని టకటకమంటూ పైకి లాగుతుంది. ఆ తరువాత ప్రతి గుట్ట మీదా ఒళ్లు సీటును వదిలి గాల్లోకి లేస్తుంది. ఒడిలో ఒక కడ్డీ తప్ప పట్టుకోవడానికి మరేమీ లేదు. మా ఆయన గోవిందనామాలు అందుకున్నాడు. దిగి, మళ్లీ ఎక్కుదామన్నాడు.

వరసలో నిలబడినప్పుడు దగ్గరగా చూశాను. రంగు వేసిన పాత దూలాల మధ్య అక్కడక్కడ రంగు పడని కొత్త పలకలు తెలుస్తున్నాయి. ఎక్కడ పుచ్చితే అక్కడ మార్చుకుంటూ పోతారు. ఈ కుటుంబానికి మొదటి నుంచీ కలప వ్యాపారం ఉంది, చెక్కపని తెలిసిన మనుషులు వాళ్ల దగ్గరే ఉంటారు. 1973లో దయ్యాల కొంప అనే రైడ్‌ను తామే కట్టుకున్నారు. న్యూజెర్సీ సముద్రతీరంలోని వైల్డ్‌వుడ్‌లో తీసేసిన గని రైడ్‌ను కొని తెచ్చి, తమ ప్రాంతపు బొగ్గుగనిలా మార్చి 2011లో తెరిచారు. పట్టాలు లేకుండా చెక్క దోనెలో జారుతూ పోయే ఫ్లయింగ్ టర్న్స్ కోసం ఏళ్లకేళ్లు కుస్తీపట్టి 2013లో పూర్తిచేశారు. అది ఎక్కేముందు మనిషిని తూకం వేస్తారు. కలిసి కూర్చునే ఇద్దరి బరువూ 400 పౌండ్లు దాటకూడదు. నా బరువు నాతోనే ఉండనీ అని నేను బయటే ఆగిపోయాను.

ఇంకో విచిత్రం. పెన్సిల్వేనియాలో రైడ్ల భద్రత చూసేది వ్యవసాయ శాఖ! ఒకప్పుడు రైడ్లన్నీ పల్లె సంతల్లో ఉండేవి, సంతలు ఆ శాఖ చేతిలో ఉండేవి కాబట్టి అలా మిగిలిపోయి ఉంటుందని నా ఊహ. పేరు ఏ శాఖదైతేనేం, పార్కు తెరవకముందే రోజూ ప్రతి రైడ్‌నూ తనిఖీ చేసి రాసి పెట్టాలి. మా అన్నయ్య పార్కులో జెయింట్ వీల్‌కు నూనె ఎప్పుడు వేశారో ఆపరేటర్ సత్తిబాబుకు తప్ప ఎవరికీ తెలియదు. సత్తిబాబు మాటే రికార్డు.

తిండి సంగతి చెప్పకపోతే అన్యాయం. గనుల్లో పనికి పోలండ్ నుంచి, ఆ చుట్టుపక్కల దేశాల నుంచి వచ్చినవాళ్లు తమతో పియరోగీ తెచ్చుకున్నారు. కజ్జికాయ ఆకారంలో మడిచి, లోపల బంగాళాదుంప కూరి, ఉల్లిపాయలతో వెన్నలో వేయించి ఇస్తారు. శాకాహారులకు నిశ్చింత. అమ్మ రెండు తిని, "కాస్త కారం తగిలిస్తే మనదే" అంది. ఊరిలో తినేదే పార్కులో అమ్ముతున్నారు, అదే ఆ కొట్ల దగ్గర రద్దీకి కారణం. పక్కనే గనుల చరిత్ర చెప్పే ఒక చిన్న మ్యూజియం కూడా ఉంది, గనికార్మికుల పనిముట్లు, దీపాలు. ఈత కొలను పెద్దది గాని మేము దిగలేదు.

రాత్రి ఇంటికి వచ్చి అన్నయ్యకు ఫోను చేశాను. అక్కడ పొద్దున్నే కాఫీ వేళ.

"గేటు తీసేయమంటావా? తీసేస్తే పేకాటరాయుళ్లు, ప్రేమికులు తప్ప ఎవరు మిగులుతారు?" అని మొదలుపెట్టాడు. నిజమే, అడవి మధ్య ఉన్న పార్కుకు పనికివచ్చిన పద్ధతి రోడ్డు పక్క పార్కుకు అలాగే పనికిరాదు. ఉచితం వద్దు, లోపలికి నడిచి రావడానికి ఒక చిన్న టికెట్ పెట్టు, ఆ డబ్బు లోపల తిండి కొట్లో చెల్లేలా చూడు, అప్పుడు తాతలూ అమ్మమ్మలూ వస్తారు, ఊరికే వచ్చి పడుకునేవాడికి దారి ఉండదు అన్నాను. దానికి కాస్త మెత్తబడ్డాడు. వెంటనే ఇంకొకటి తీశాడు. రైడ్ దగ్గర టికెట్ చింపకుండా జేబులో వేసుకుని మళ్లీ అమ్మేవాళ్ల సంగతేమిటి? పెదనాన్న హయాంలో అలా చాలా పోయిందట. తాళం వేసిన పెట్టె ఒకటి, రైడ్‌లోకి మనిషి వెళ్లిన ప్రతిసారీ ఒక అంకె పెంచే లెక్కయంత్రం ఒకటి పెట్టమన్నాను. సాయంత్రం రెండూ సరిపోవాలి.

పెద్ద రైడ్ మాట ఎత్తాడు. పార్కుల మీద జీఎస్టీ 2018లో 28 శాతం నుంచి 18కి తగ్గింది కాబట్టి ఇప్పుడు గిట్టుబాటు అవుతుందని ఆడిటర్ చెప్పాడట. ఇవాళ నలభై అడుగులది తెస్తే రేపు హైదరాబాదులో ఎనభై అడుగులది వస్తుంది, ఆ పరుగులో నువ్వు గెలవలేవు అన్నాను. నీ షెడ్డులో చెవులు విరిగిన ఫైబర్ గుర్రాల రాట్నం ఉంది, ముందు దాన్ని బయటికి తియ్యి. గుడి వాహనాలు చెక్కే వడ్రంగులతో గుర్రాలు చేయించు. ఇత్తడి రింగు పెట్టు. ఫ్రీజరులోంచి తీసి వేయించే చిప్స్ కొట్టు ఎత్తేసి, ఆత్రేయపురం నుంచి ఒకావిడను పిలిచి బోర్లించిన కుండ మీద పూతరేకు తీయడం అందరి ముందూ చేయించు. తాపేశ్వరం కాజా ఎంత దూరం? చుట్టూ కడియం నర్సరీలు పెట్టుకుని నీ పార్కులో ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు ఎందుకు? దాని మీద లైట్లు వెలుగుతాయి కదా అన్నాడు. ఆ చెట్టు విషయంలో మాకు ఎప్పటికీ రాజీ కుదరదు.

వరదల మాట కూడా వచ్చింది. కనోబెల్స్ వాగు ఒడ్డున ఉంది. 1972లో ఆగ్నస్ తుపానుకూ 2011లో లీ తుపానుకూ నీళ్లు రైడ్లను ముంచెత్తాయి. రెండుసార్లూ బురద కడిగి మళ్లీ తెరిచారు. 1986 గోదావరి వరద చూసిన అన్నయ్యకు అది వేరే చెప్పనక్కర్లేదు. ఆ వరద ఫొటోలు, పాత పడవల తెడ్లు, ధవళేశ్వరం ఆనకట్ట కథ పెట్టి ఒక గది తెరుస్తానన్నాడు. నేను చెప్పింది కాదు, తనకే తోచింది.

గుర్రాలకు ఒక వడ్రంగిని కూడా పట్టుకున్నాడు. ఒక్కో గుర్రానికి ఎంతవుతుందో విని గుండె ఆగినంత పనైందట. ఏడాదికి రెండు చొప్పున చేయిస్తాను, ఈలోగా ఫైబర్‌వి చెవులు అతికించి తిప్పుతాను అంటున్నాడు. పార్కింగ్ కోసం చెరువుగట్టు మీది మామిడిచెట్లు కొట్టించాలన్న పట్టు మాత్రం వదలడం లేదు. అమ్మ వచ్చే నెల ఇండియా వెళ్తోంది. ఆ సంగతి తాను తేల్చుకుంటానంది.