‘ఇంట్లోవాళ్లే కట్టారు’ అనే గడి

మా తెలంగాణలో స్కాలర్‌షిప్‌లకి దరఖాస్తు పెట్టే ఈపాస్ సైట్ తెరుచుకోక గుండ్రంగా తిరుగుతుంటే ఖాళీగా కూర్చోలేక ఫోన్‌లో ఏదో ఒకటి చదువుతుంటాను. అట్లా కంటపడింది ఇది. అమెరికాలో పిల్లలు కాలేజీ చదువుకి డబ్బు ఎట్లా కట్టుకుంటున్నారో కనుక్కునే జాతీయ సర్వే ఒకటి ఉందట. దానికి అక్కడి ప్రభుత్వం అనుమతి ఇవ్వాలట. సర్వే చేసేదీ ప్రభుత్వమే, అనుమతి ఇచ్చేదీ ప్రభుత్వమే! ముందు నవ్వొచ్చింది. మొత్తం చదివాక మాత్రం కొంచెం కుళ్లు పుట్టింది.

సర్వే పేరు నేషనల్ పోస్ట్‌సెకండరీ స్టూడెంట్ ఎయిడ్ స్టడీ. 1986-87లో మొదలైంది. విద్యాశాఖలోని గణాంకాల కేంద్రం నడుపుతుంది. అక్కడ 1980లో ఒక చట్టం చేసుకున్నారు. కేంద్ర ప్రభుత్వ శాఖ ఏదైనా సరే, పదిమందిని గానీ అంతకన్నా ఎక్కువమందిని గానీ ఒకే తీరు ప్రశ్నలు అడగాలంటే అధ్యక్షుడి కార్యాలయం కిందుండే బడ్జెట్ ఆఫీసు ఒప్పుకోవాలి. ఏం అడుగుతారో, ఎందుకు అడుగుతారో ముందే జనం ముందు పెట్టాలి. అభిప్రాయాలకి 60 రోజులు, ఆ తర్వాత మళ్లీ 30 రోజులు గడువు. జవాబు చెప్పేవాళ్లకి ఎంతసేపు పడుతుందో కూడా లెక్కకట్టి రాయాలి. అనుమతి నంబరు ఫారం మీద లేకపోతే జవాబు ఇవ్వనందుకు ఎవర్నీ ఏమీ అనడానికి లేదు.

మా పిల్లల టైమ్ లెక్కేసినవాళ్లు ఎవరన్నా ఉన్నారా? నల్గొండ రామగిరిలో నాది చిన్న నెట్ సెంటర్. జిరాక్స్, ఆన్‌లైన్ ఫారాలు, స్కాలర్‌షిప్ సీజన్ వస్తే ఇక అదే పని. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, బోనఫైడ్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ అన్నీ పట్టుకొని చండూరు నుంచి, మునుగోడు నుంచి బస్సు దిగి వస్తారు. ఫారం నింపాక మీసేవలో వేలిముద్ర. సెలవుల్లో పత్తి ఏరిన పిల్లల వేళ్లు మిషన్‌కి దొరకవు. చెయ్యి కడుక్కొని రా, ఇంకో వేలు పెట్టు అంటూ ఆ లైన్ అట్లనే సాగుతుంటుంది. అప్పటికి కాలేజీ లాస్ట్ బస్సు పోతుంది.

మన దగ్గర సర్వేలు లేక కాదు. జాతీయ నమూనా సర్వేవాళ్లు 2017-18లో చదువుల ఖర్చు మీద పెద్ద సర్వే చేశారు, అందులో కాలేజీలు కూడా ఉన్నాయి. 2025 ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఇంకోటి చేశారు, ఇది స్కూలు చదువు మీదే, 52,085 ఇళ్లు తిరిగి. ప్రభుత్వ బడిలో ఒక్కో పిల్లకి ఏడాదికి సగటున 2,863 రూపాయలు, మిగతా బడుల్లో 25,002 అని తేలింది. ఈ అంకెలు పేపర్లలో బాగా వచ్చాయి. నా కన్ను మాత్రం ఇంకో అంకె మీద ఆగింది. చదువుకి డబ్బు ప్రధానంగా ఎవరు పెడుతున్నారంటే, ఇంట్లోని మిగతా సభ్యులేనని చెప్పినవాళ్లు 95 శాతం. ప్రభుత్వ స్కాలర్‌షిప్పే ప్రధానమన్నవాళ్లు 1.2 శాతం.

95 శాతం ఇంట్లోవాళ్లు. సరే. ఇంట్లోవాళ్లకి ఏడికెల్లి వచ్చినయ్?

నాకు తెలిసిన ఒక కాక ఉన్నాడు. నాలుగెకరాల పత్తి, పక్కన కొన్ని బత్తాయి చెట్లు. బిడ్డకి హైదరాబాద్ దగ్గర ఇంజనీరింగ్‌లో కన్వీనర్ కోటా సీటే, అంటే ర్యాంకు మీద ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటే, వచ్చింది. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో పది వేల లోపు ర్యాంకు రాని బీసీ పిల్లలకి మామూలుగా ఏడాదికి 35 వేల దాకానే రీయింబర్స్‌మెంట్, అంటే ప్రభుత్వం కట్టే ఫీజు. ఆ కాలేజీ ఫీజు లక్షా ఐదు వేలు. మిగతా 70 వేలకి కాక మొదటి ఏడు చీటీ పాడిండు, తొందరలో ఎత్తుకున్నందుకు మంచి కమీషన్ పోయింది. రెండో ఏడు కాక భార్య పుస్తెలతాడు బ్యాంకులో పెట్టింది. మూడో ఏడు పత్తి అమ్మకముందే అడ్తి షావుకారు దగ్గర తెచ్చిండు, నూటికి రెండు రూపాయల మిత్తి, పత్తి ఆయనకే పొయ్యాలె, రేటు ఆయన చెప్పిందే. మధ్యలో మహిళా సంఘం లోను. అది తీసుకున్నది బర్రె కోసమని రాసుంటది, బర్రె మాత్రం ఇంటికి రాలేదు. కాలేజీ పిల్లల్ని కూడా ఇట్లనే అడిగితే ఇవన్నీ సర్వే కాగితం మీద ఒక్క గడిలో పడతాయి: ఇంట్లోవాళ్లే కట్టారు.

ప్రభుత్వం ఇచ్చే ఆ 35 వేలు కూడా టైంకి కాలేజీకి చేరవు. ముందు మీరు కట్టండి, వచ్చినంక వాపస్ ఇస్తం అంటది మేనేజ్‌మెంట్. కట్టకపోతే మార్కుల మెమోలు ఆపుతది. (ఏ కాలేజీ అని అడగకండి, నాకు గిరాకీ కావాలె.) అంటే స్కాలర్‌షిప్ పేరుతో వచ్చేదానికి కూడా ముందుగా మిత్తి కట్టేది ఇల్లే.

అమెరికా సర్వేలో నాకు నచ్చిందేంటంటే వాళ్లు పిల్లల మాట ఒక్కటే నమ్మి ఊరుకోరు. కాలేజీ రికార్డులు తీస్తారు, ప్రభుత్వ లోన్ల రికార్డులు తీస్తారు, ఆ తర్వాత పిల్లల్ని అడుగుతారు. గ్రాంటు ఎంత, అప్పు ఎంత, పని చేసి సంపాదించింది ఎంత, అమ్మానాన్న ఇచ్చింది ఎంత, అన్నీ విడివిడిగా.

మన దగ్గర నేరుగా అడిగితే నిజం రాదు, అది కూడా చెప్పాలి. సర్వే అంటేనే జనానికి ఏదో పోతదని భయం. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే అన్నప్పుడు పాలమూరు నుంచి బొంబాయి వలస పోయినవాళ్లు కూడా ఆ ఒక్కరోజు కోసం ఊళ్లకి వచ్చారు, పేరు లేకపోతే రేషన్, పెన్షన్ పోతాయని. ఫీజు సంగతైతే ఇంకా చిక్కు. రీయింబర్స్‌మెంట్ రావాలంటే పల్లెల్లో బీసీ కుటుంబం ఆదాయం ఏడాదికి లక్షన్నర దాటొద్దు. ఆ ఆదాయం సర్టిఫికెట్, లక్షా ఐదు వేల ఫీజు రసీదు పక్కపక్కన పెట్టి నేనే స్కాన్ చేస్తాను. సర్వే మనిషి వచ్చి ఏడాదికి ఎంత పెట్టారు అంటే ఎవరు నోరు విప్పుతారు? గణాంకాల చట్టం కింద తీసుకున్న వివరాలు లెక్కల కోసం తప్ప దేనికీ వాడొద్దని 2008 చట్టంలోనే ఉంది. ఆ మాట గడపలో నిలబడి చెప్పేవాళ్లు తక్కువ, చెప్పినా నమ్మేవాళ్లు ఇంకా తక్కువ.

ఎవరికి ఎంత మంజూరైంది, ఎంత విడుదలైంది అనేది ఈపాస్‌లో ఎట్లాగూ ఉంది. దానికి మూడు ప్రశ్నలు కలిపితే చాలని నా లెక్క: మిగతాది ఏడికెల్లి తెచ్చిన్రు, మిత్తి ఎంత, తీర్చేది ఎవరు. ఆ మూడోది మాత్రం తండ్రిని, బిడ్డని ఒక్కచోట కూర్చోబెట్టి అడగొద్దు. కాకని అడిగితే, వచ్చే పంటకి నేనే తీరుస్త అన్నడు. ఆయన చాయ్ తాగడానికి బయటికి పోయినంక పిల్లని అడిగితే, ఉద్యోగం వచ్చినంక మొత్తం నేనే కట్టుకుంట అక్కా, ఇంట్ల చెప్పకు, అన్నది.