కూలి లెక్కలకి ఎక్సెల్ నేర్చుకున్నాను: డాలర్ గుర్తు దగ్గర జాగ్రత్త

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. పొట్టు తీసే ఆడవాళ్ళకి కూలి కిలోల లెక్కన, వారానికోసారి. కాలిక్యులేటర్ వదిలి ఎక్సెల్‌కి మారదామంటే వందల ఫార్ములాలు నేర్చుకోవాలేమోనని చాలామందికి టెన్షన్. నాకు నాలుగైదే సరిపోయాయి, కానీ ఫార్ములాని కిందికి లాగితే అందులోని గడుల పేర్లు ఏమవుతాయో మాత్రం బాగా అర్థం కావాలి.

డిగ్రీ చదువుతున్న మా చెల్లెలి కూతురు నేర్పింది. ఎ కాలమ్‌లో టోకెన్ నంబరు, బి లో కిలోలు, సి లో కూలి, కిలో రేటు ఎఫ్1 గడిలో ఒక్కచోటే. సి2లో =బి2*ఎఫ్1 కొట్టించి, గడి కుడివైపు కింది మూల పట్టుకుని లాగమంది. రెండో మనిషి నుంచి అన్నీ సున్నాలే. "సి3 మీద నొక్కి చూడు పెద్దమ్మా" అంది. అక్కడ =బి3*ఎఫ్2 అని ఉంది. అంటే కిలోలతో పాటు రేటు గడి కూడా ఒక మెట్టు దిగిపోయింది, ఎఫ్2 ఖాళీ కాబట్టి సున్నా వచ్చింది. "రేటుని కదలకుండా కట్టెయ్" అని సి2 ఫార్ములాలోని ఎఫ్1 పక్కన కర్సర్ పెట్టించి కీబోర్డు మీది ఎఫ్4 మీట నొక్కించింది, $ఎఫ్$1 అయింది, మళ్ళీ లాగితే అందరి కూలీ వచ్చేసింది. ఫోన్‌లో అయితే డాలర్ గుర్తులు మనమే కొట్టుకోవచ్చు.

రేటు మారితే ఆ ఒక్క గడి మారిస్తే చాలు, అయితే పాత వారాల కూలి కూడా దాంతోపాటే మారిపోతుంది. అందుకే వారానికో షీట్ పెట్టుకున్నాను.

గడిలో 12 అనే రాయాలి. "12 కిలోలు" అని రాస్తే గుణకారం దగ్గర #వాల్యూ! అని వస్తుంది, కనీసం తెలుస్తుంది. గడులన్నీ కూడే సమ్ ఫార్ములా మాత్రం ఏమీ చెప్పకుండా ఆ గడిని వదిలేసి మిగతావి కూడేస్తుంది.

ఒక్కో మనిషి తూకాలు వేర్వేరు వరసల్లో ఉంటాయి, అందుకే వారం మొత్తానికి హెచ్ కాలమ్‌లో టోకెన్లు రాసుకుని, పక్కన =సమ్ఇఫ్($ఎ$2:$ఎ$200,హెచ్2,$సి$2:$సి$200) పెడతాను, అది ఆ టోకెన్ ఉన్న వరసల కూలి మాత్రమే కూడుతుంది. పేర్లు వద్దు, ఒకే పేరు ఇద్దరికి ఉంటుంది. ఇక్కడ డాలర్ లేకపోతే ఏ ఎర్రరూ రాదు, కిందికి లాగేకొద్దీ పై వరసలు జారిపోయి కొందరికి సోమవారం తూకాలు లెక్కలోకే రావు. అది వాళ్ళ కష్టం. అందుకే డబ్బు పంచేముందు ఈ మొత్తాల కూడిక, సి కాలమ్ కూడిక పక్కపక్కన పెట్టి చూస్తాను, రూపాయి తేడా ఉన్నా కవర్లు కట్టను.